పేర్లు పడే వేళ

టార్చిలైటులోంచి బ్యాటరీలు తీసి, ప్రహరీగోడ మీద ఉన్న పలకముక్క మీద పెట్టి, మాల్యాద్రి వాటిని అరచేత్తో అటూ ఇటూ దొర్లించాడు. నల్లరాయికి మార్కాపురం ఎండ తొందరగా ఎక్కుతుంది. ఆ వేడికి చచ్చిన బ్యాటరీలు ఒకటి రెండు ఆటలకు లేచి కూర్చుంటాయి. సినిమా మారితేగానీ కొత్త బ్యాటరీలు ఇవ్వకూడదని టాకీసు యజమాని రాధాకృష్ణమూర్తి నియమం. ఆ నియమం మీద మాల్యాద్రికి ఉన్న అభిప్రాయం ఉమ్మివేయడంతో సరిపోయేది. ఉమ్మివేశాడు. దాని వెంటే దగ్గు వచ్చింది.

అది గొంతులో పుట్టే దగ్గు కాదు. కడుపు కింద ఎక్కడో మొదలై, పక్కటెముకలను ఒక్కొక్కదాన్నే కదిలించుకుంటూ పైకి వచ్చేది. వచ్చినప్పుడు మనిషి రెండుగా వంగిపోయేవాడు. కళ్లు మూసుకుపోయేవి. పోయాక చాలాసేపు గోడ పట్టుకుని నిలబడేవాడు. వయసులో ఉన్నన్నాళ్లూ పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చి, కోసి, రుద్ది నునుపు చేసిన మనిషి. ఆ పని మానేసి చాలా కాలమైంది. పొడి మాత్రం లోపలే ఉండిపోయింది. గోళ్ల అంచుల్లో ఇప్పటికీ నల్లగీతలు ఉన్నాయి. ఏ సబ్బుకూ పోలేదు.

వసారాలో పిచ్చమ్మ పలకలకు కొయ్యచట్రాలు బిగిస్తోంది. నోట్లో సన్నమేకులు పెట్టుకునే మాట్లాడింది.

"ఆ దయ్యాల సినిమా ఈ పొద్దుతో పోతుందంటనే?"

"పోతాది. సాయంత్రం మొదటాట కాంగానే రీళ్ల డబ్బా గిద్దలూరికి పోతాది. రాత్రి ఆట ఆడ."

"పోతే పీడ పోయె. దాని పేరు చెప్పి రోజూ ఆయాసం తెచ్చుకుంటుండావు."

"నేను చూడందే పోతుండాది."

"దినామూ చూస్తానే ఉంటివి గదా అయ్యా?"

"అది ఒక్కటి చూడలే."

ఆమె సుత్తి దింపి భర్త వైపు చూసింది. అది అంటే ఏదో ఆమెకు తెలుసు. ఆ సినిమా వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో అన్నం ముందు, అన్నం తర్వాత అదే మాట. సినిమా మొదట్లో పేర్లు పడుతుంటాయి. ఒకచోట చప్పుడంతా ఆగిపోతుంది. ఆ ఆగిన చోట తెరమీద ఏదో వస్తుంది. దాని వెంటనే కెవ్వుమని కేక, ఎర్రటి అక్షరాల్లో సినిమా పేరు. ఆ వచ్చేదేదో మాల్యాద్రి ఒక్కసారి కూడా చూడలేదు. సరిగ్గా అక్కడే దగ్గు వస్తుంది. వంగి, కళ్లు మూసుకుని, తేరుకుని తల ఎత్తేసరికి తెరమీద ఎర్ర అక్షరాలు ఉంటాయి.

"ఆ రవ్వంత సేపు ఆపుకోరాదూ?" అంది పిచ్చమ్మ.

మాల్యాద్రి ఆమె వైపు, బెంచీ టికెట్టు కొని కుర్చీలో కూర్చున్నవాణ్ని చూసినట్టు చూశాడు. పిచ్చమ్మ ఏమీ అనుకోలేదు. లేచి లోపలికి వెళ్లి, మిరియాలు నూరి, తాటిబెల్లంలో కలిపి ఉండ చేసి, గుడ్డపేలికలో కట్టి తెచ్చి అతని చొక్కా జేబులో వేసింది.

"ఆ చోటు రాకముందే బుగ్గన పెట్టుకో."

టాకీసుకు పోయే దారిలో ఒక ఆఫీసు ముందు బోర్డు ఉంది. కర్నూలు జిల్లా అని ఉన్నచోట సున్నం కొట్టి ప్రకాశం జిల్లా అని కొత్తగా రాశారు. కింద పాత అక్షరాలు ఇంకా మసకగా కనిపిస్తూనే ఉన్నాయి. మాల్యాద్రికి చదువు రాదు. ఎవరో చెప్పగా విన్నాడు. పేర్లు మార్చి పాత సినిమానే ఆడిస్తున్నారని అతని అభిప్రాయం.

ఊరందరికీ పలకలు చేసి పంపినవాడికి అక్షరం రాకపోవడం గురించి అతను ఎన్నడూ బాధపడలేదు. పైగా టాకీసులో అది కలిసివచ్చింది. హాల్లో పేర్లు పడుతున్నంతసేపూ చదువు వచ్చినవాళ్లు పేర్లు చదువుకుంటూ ఉంటారు. రానివాళ్లు వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటారు. పేర్ల వెనక ఏం జరుగుతున్నదో చూసేది మాల్యాద్రి ఒక్కడే.

ఆలస్యంగా వచ్చేవాళ్లకు టార్చి వేసి చోటు చూపించడం అతని పని. వాళ్లు వచ్చేది పేర్లు పడే వేళే. పేర్లు అయిపోయాక అతను బయటికి వచ్చి బల్లమీద కూర్చునేవాడు. అందుచేత ఇన్నేళ్లలో ఆ హాలుకు వచ్చిన ప్రతి సినిమా మొదలూ చూశాడు; ఒక్కదాని చివరా చూడలేదు. చూడాలని అనిపించనూ లేదు. పేర్ల తర్వాత వచ్చే కథంతా అతని లెక్కలో సాంబారులో పోసిన నీళ్లు. తుపాకీ సినిమా అయినా, దయ్యం సినిమా అయినా, భయమంతా పేర్లలోనే పెడతారు. తాళంచెవి ఒకటి చూపిస్తారు. తలుపు గడియ చూపిస్తారు. ఊగుతున్న ఖాళీ ఉయ్యాల చూపిస్తారు. ఎవరిదో చెప్పరు. చెప్పకపోవడమే పని. పేరు కుడిపక్క పడిందంటే చూడవలసింది ఎడమపక్క. సూదిమందు వేసే కాంపౌండరు పిల్లల సంగతి అడిగినట్టు, ఆ పేర్లు కంటిని మాటల్లో పెడతాయి. సూది ఇంకోవైపునుంచి దిగుతుంది. డైరెక్టరు పేరు పడగానే తెల్లారుతుంది. పడుచుపిల్ల సైకిలు తొక్కుతూ పాట పాడుతుంది. పాట మొదలైతే జనం నిటారుగా కూర్చుంటారు, ఇప్పుడు సినిమా మొదలైందని. వాళ్లంటే అతనికి అసహ్యం.

"పేర్లే గదన్నా పడతుండేది? టీ తాగి పోదాం" అనేవాళ్లంటే మరీను. చీకట్లో వాళ్ల కాళ్ల ముందు టార్చి వేసి, మెట్టు వచ్చేముందు లైటు ఆర్పేయాలని అతనికి అనిపించేది. ఎన్నడూ ఆర్పలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు కొంచెం మాత్రమే వదిలేవాడు. తెరకు వెలుగు తగలకూడదు.

హంతకుడెవరో కూడా పేర్లలోనే తెలిసిపోతుందని అతను చెప్పేవాడు. అది చాలాసార్లు తప్పయ్యేది. ప్రొజెక్టరు ఆపరేటరు పౌలు ఒకసారి మేడమీది గదిలోంచి దిగివచ్చి పకపకా నవ్వాడు.

"మామా, నువ్వు చెప్పినోడు రెండో రీలులోనే చచ్చిపోయినాడు. చంపింది డాక్టరు."

"అయితే ఆ సినిమా తీసినోనికి తెలియదు," అన్నాడు మాల్యాద్రి.

ఈ దయ్యం సినిమా మొదటి రోజున ఆ నిశ్శబ్దంలో అతని దగ్గు పడగానే ఆడవాళ్ల బెంచీలవైపు కెవ్వున కేకలు లేచాయి. ఒకామె ఏడ్చింది. మర్నాడు రెండోసారి వచ్చినవాళ్లు కొత్తవాళ్లకు ముందే చెప్పి పెట్టారు. ఆ దగ్గు మాట ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది. సినిమాలో ఒక ముసలి జమీందారును బావిలో తోసి చంపుతారట. ఆ దగ్గు ఆయనదే అని జనం తేల్చుకున్నారు.

"మొదట్లోనే ఆనవాలు ఇచ్చినాడు బావా, డైరెక్టరు! చచ్చినోడు చావలేదని దగ్గుతో చెప్పినాడు చూడు," అని ఒకడు సైకిలు స్టాండు దగ్గర రెండోవాడికి వివరిస్తుంటే మాల్యాద్రి విన్నాడు. ఆ దగ్గు నాది అని చెప్పలేదు. ఇంతటి తెలివికి ఎదురు చెప్పడం అతని వల్ల కాదు.

ఆ నిశ్శబ్దంలో తెరమీద ఏమొస్తుందని మాత్రం కనిపించినవాణ్నల్లా అడిగాడు. టికెట్లు చించే వరప్రసాదం, పిల్లి అన్నాడు. సోడాకొట్టు పాపమ్మ, ఆడమనిషి మొహం, జుట్టు విరబోసుకుని అంది. ఇంకొకడు చెయ్యి అన్నాడు, ఆరు వేళ్లున్నాయని కూడా చెప్పాడు. పౌలుకు ఆ సమయంలో ప్రొజెక్టరులో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకునే పని ఉంటుంది, చూడలేదన్నాడు. చూడలేదన్నవాడి మీదే మాల్యాద్రికి కొంచెం గౌరవం మిగిలింది.

ఆ రోజు మ్యాట్నీలోనూ దగ్గు వచ్చింది. బుగ్గన పెట్టుకోవడానికి మిరియాల ఉండకోసం జేబు తడుముతుండగానే ఒక కుటుంబం చంటిబిడ్డతో సహా దిగింది. వాళ్లకు లైటు వేసి తిరిగేసరికి ఆ చోటు వచ్చేసింది. వంగిపోయాడు. జనం కేక వేశారు, సంతోషంగా.

తేరుకుని బయటికి వచ్చేసరికి రాధాకృష్ణమూర్తి ఆఫీసు గది ముందు పేముకుర్చీలో కూర్చుని ఉన్నాడు. తన హాల్లో ఆడిన ఏ సినిమానూ ఆయన చూడలేదు. బయట కూర్చుని జనం చప్పుడు మాత్రం వినేవాడు. ఈలలు, చప్పట్లు, కేకలు ఎక్కడెక్కడ లేస్తాయో ఆయనకు కంఠతా వచ్చు.

"మాల్యాద్రీ, ఇట్రా."

"ఏంది శెట్టిగారూ?"

"మొదటాటకు గుంటూరు నుంచి ఫిలిం కంపెనీ మనిషి వస్తుండాడు. లోపల కూచుంటాడు. పేర్లు అయిపోయిందాకా నువ్వు బయటనే ఉండు."

మాల్యాద్రి టార్చి మూతను బొటనవేలితో బిగించాడు.

"ఆలీసంగా వచ్చేటోళ్లకు లైటెవరు ఏస్తారు?"

"తడుముకుంటా పోతారు. పేర్లే గదా."

"ఈ పొద్దే ఆఖరాట గదా శెట్టిగారూ."

"అందుకే చెప్తుండా. ఆ దగ్గు ఆయన చెవిన పడితే, రోగిష్టోణ్ని పనిలో పెట్టుకున్నాననుకుంటాడు."

"పెట్టుకునింది రోగిష్టోణ్నే గదా?"

రాధాకృష్ణమూర్తి నవ్వాడు. మంచివాడే. కోపం వచ్చినా, రాకపోయినా ఒకే నవ్వు. అతనికి ఇంకేదో పని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ పని మాల్యాద్రి చేయలేదు. బల్లమీద కూర్చుని, జేబులోంచి గుడ్డ మూట తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పౌలు మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్ను లోపలికి రానీమని నేను చెప్పేదా మామా శెట్టితో?"

"వద్దులే అల్లుడా. ఏ బొమ్మా చూడనాయనకు కనపడేది ఏందో, కనపడందేందో ఎట్ల చెప్తావు?"

మొదటాటకు జనం విరగబడ్డారు. ఆఖరాట అని టాకీసువాళ్లు ఊళ్లలో మైకులో చెప్పి వచ్చారు. దొనకొండ నుంచి, తర్లుపాడు నుంచి బస్సుల్లో దిగారు; చూసినవాళ్లే మళ్లీ చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చారు. కంపెనీ మనిషి తెల్లచొక్కాలో కుర్చీ తరగతిలో చివర కూర్చున్నాడు. హాల్లో లైట్లు ఆరిపోయాయి. గుమ్మానికి ఉన్న మందపాటి తెర ఇవతల మాల్యాద్రి నిలబడ్డాడు.

నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. బావి. ఇప్పుడు తడిసిన మెట్లు. ఇప్పుడు లాంతరు. పట్టుకున్న చెయ్యి కనిపించదు. ఇప్పుడు కుడిపక్కన పెద్ద పేరు, ఎడమపక్కన తలుపు రవ్వంత తెరుచుకుంటుంది. ఇప్పుడు ఊగే కుర్చీ. తెర ఇవతల నిలబడి అతను ఒక్కొక్కటే మనసులో చూసుకున్నాడు. చప్పుడు ఆగిపోయింది. అతను ఊపిరి బిగబట్టాడు. దగ్గు రాలేదు. అవసరం లేని చోట అది కూడా రాలేదు.

కేక వినిపించింది. ఎర్ర అక్షరాలు పడి ఉంటాయి. దాని వెంటనే ఇంకో రకం గోల లేచింది.

"రేయ్, దగ్గేదిరా?"

"కోసినారు! దగ్గు కోసినారు!"

"మా మరదల్ని దొనకొండ నుంచి పిలుచుకొచ్చినా శెట్టీ, దగ్గు ఇనిపిస్తానని! ఏం మొగం పెట్టుకోని ఇంటికి పోవాల?"

"ఆఖరాట అని రీలు దాచిపెట్టినాడు! ఏయ్ ఆపరేటరూ!"

బెంచీలు దబదబా మోగాయి. ఎవరో సోడాబుడ్డి దొర్లించారు. బొమ్మ ఆగి లైట్లు వెలిగాయి. రాధాకృష్ణమూర్తి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తి వచ్చాడు. కంపెనీ మనిషి ఆయనకు ఎదురొచ్చాడు.

"మా ప్రింటులో దగ్గు లేదండీ. ఏం దగ్గండీ అది?"

"ఉందిలెండి. మా ప్రింటులో ఉంది," అన్నాడు రాధాకృష్ణమూర్తి, ఏమంటున్నాడో తనకే తెలియకుండా. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి మాల్యాద్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం మీద ఆయన చెయ్యి పడడం అదే మొదలు.

"మాల్యాద్రీ, లోపలికి రా నాయనా. పౌలు మళ్లీ మొదట్నుంచి ఏస్తాడు. నువ్వు ఎప్పట్లాగనే..."

"ఏంది ఎప్పట్లాగనే?"

"అదే. దగ్గు."

"పేర్లే గదా శెట్టిగారూ," అన్నాడు మాల్యాద్రి.

రీలు వెనక్కి చుట్టడానికి కాసేపు పట్టింది. జనం ఓపిగ్గా కూర్చున్నారు. ఆ హాలు కట్టిన తర్వాత పేర్లు మళ్లీ వేయమని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. అదీ పేర్ల కోసం కాదు. మాల్యాద్రి గోడవారగా నడిచి, కుర్చీలకూ బెంచీలకూ మధ్య ఉన్న మెట్టుమీద కూర్చున్నాడు. రావలసినవాళ్లంతా వచ్చేశారు. చోటు చూపించవలసినవాళ్లు ఎవరూ లేరు. అతని ఉద్యోగంలో ఇంత తీరిక ఎన్నడూ దొరకలేదు. మిరియాల ఉండ బుగ్గన పెట్టుకున్నాడు. తువ్వాలు నోటికి అడ్డం కట్టుకుని ముడి బిగించాడు. పై కిటికీలోంచి పౌలు తల బయటపెట్టాడు.

"మామా, ఈసారన్నా చూడు!"

లైట్లు ఆరిపోయాయి. అలవాటుగా టార్చి వెలిగించి, వెలుగు నేలకు పడేట్టు పక్కన మెట్టుమీద పెట్టుకున్నాడు.

చుక్కలు. మెట్లు. లాంతరు. పేరు. తలుపు. ఊగే కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కడుపు కింద దగ్గు కదిలింది. మాల్యాద్రి రెండు చేతులతో పక్కటెముకలు పట్టుకున్నాడు. రాయి చీల్చేటప్పుడు ఉలి మీద అదుపు తప్పకుండా పట్టినట్టు పట్టాడు. దగ్గు పైకి వచ్చింది. తువ్వాలు దగ్గర ఆగింది. కళ్లలో నీళ్లు నిండాయి గాని కళ్లు మూయలేదు. లాంతరు బావి గట్టుమీద దిగింది. చప్పుడు ఆగిపోయింది.

వత్తి ఎర్రబడింది. చిన్నదైంది. ఆరిపోయింది.

తెరమీద ఏమీ లేదు. పిల్లి లేదు, మొహం లేదు, చెయ్యి లేదు. ఒక మూల నుంచి ఇంకో మూలకు వట్టి నలుపు. ఏ అక్షరమూ పడని కొత్త పలకలాగా నున్నగా, నిండుగా నలుపు. ఆ నలుపు అతనికి తెలుసు. జీవితమంతా అరచేత్తో తడిమి చూసి, బాగుందనుకుని, వేరేవాళ్లు రాసుకోవడానికి పంపించిన నలుపు అది. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది. అంతమంది ఉన్న హాలు అంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి తెలియదు. తన దగ్గు అడ్డం లేకుండా ఎన్నడూ వినలేదు.

ఆ సినిమా తీసినవాడు ఏమీ పెట్టకుండా వదిలేశాడు. ఇన్నాళ్లకు ఒక పనివాడు కనిపించాడు అనుకున్నాడు మాల్యాద్రి. ఎవడో, పేరేమిటో ఆ పేర్లలోనే ఎక్కడో ఉంటుంది. చదువు రానందుకు మొదటిసారి కొంచెం కష్టంగా అనిపించింది.

ఛాతీలో ఏదో చిన్నగా చీలింది. తువ్వాలు వెచ్చగా తడిసింది. అతను గోడకు ఆనుకున్నాడు.

దగ్గు రాలేదు. గుమ్మం తెర దగ్గర నిలబడి వింటున్న రాధాకృష్ణమూర్తికి చెమటలు పట్టాయి. ఇంక ఆగలేక ఆయనే నోటికి గుప్పిట అడ్డం పెట్టుకుని ఖళ్లుఖళ్లున దగ్గాడు. గొంతు సవరించుకునే శెట్టి దగ్గు. చంటిపిల్ల కూడా భయపడదు. హాలంతా కెవ్వుమంది. చప్పట్లు కొట్టారు. దొనకొండ మరదలు బావ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంపెనీ మనిషి అటూ ఇటూ చూసి తనూ చప్పట్లు కొట్టాడు. ఎర్ర అక్షరాలు పడ్డాయి. మరికొన్ని పేర్లు పడ్డాయి. తెల్లారింది. పడుచుపిల్ల సైకిలు తొక్కుతూ పాట అందుకుంది.

పాట సగంలో ఒకామె సంచి చంకన పెట్టుకుని ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. దర్శి బస్సు దారిలో ఆగిపోయిందట. మెట్టుమీద కూర్చున్న మనిషి దగ్గర వంగింది.

"పేర్లేనా అన్నా అయిపోయినాయి? సినిమా ఏం పోలేదు గదా?"

మనిషి మాట్లాడలేదు. కళ్లు తెరవైపే ఉన్నాయి. సినిమాలో మునిగినట్టుండాడు అనుకుని ఆమె నేలమీద పడుతున్న టార్చి వెలుగు వెంబడి పోయి, ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

విశ్రాంతిలో లైట్లు వెలిగాక పౌలు వచ్చి పిలిచాడు. భుజం కదిపాడు. తర్వాత తువ్వాలు ముడి విప్పి, మళ్లీ మొహం మీద కప్పాడు. ఎవరో పిచ్చమ్మ కోసం వెళ్లారు. వరప్రసాదం, పౌలు కలిసి అతన్ని పక్కవాకిలి గుండా మోసుకుపోయి బల్లమీద పడుకోబెట్టారు. బరువు లేడు. పిచ్చమ్మ చేతులకు రంపపు పొట్టుతోనే వచ్చింది. ఏడవలేదు. పౌలును పక్కకు పిలిచింది.

"చూసినాడా?"

"చూసినాడత్తా."

"ఏముండిందంట ఆడ?"

పౌలుకు తెలియదు. ఈసారి కూడా అతను కార్బన్ కడ్డీలే చూసుకున్నాడు.

డబ్బా గిద్దలూరు బస్సుకు అందాలి. రాధాకృష్ణమూర్తి నిలబడి, తలవంచుకుని, మిగతా సగం వేయమన్నాడు. లైట్లు ఆరాయి. హాల్లో మెట్టుమీద టార్చి అలాగే ఉంది. ఆర్పాలని ఎవరికీ తోచలేదు. దయ్యం దొరికి, శుభం పడి, జనం లేచేసరికి దాని వెలుగు బీడీ కొసంత ఎర్రగా మిగిలి, ఎవరూ తట్టుకుని పడకుండా ఆ మెట్టు అంచును మాత్రం చూపిస్తూ ఉంది.